చూసి నేర్చుకున్న విశ్వాసం

క్రైస్తవ విశ్వాసంలో మంచి మనుషులను చూసి నడుచుకోవడం చాలా పాత పద్ధతి. కొత్త నిబంధన పుస్తకాలన్నీ ఒకచోట చేరకముందే, పౌలు తాను స్థాపించిన సంఘాలకు ఉత్తరాలు రాస్తూ తనను చూసి నడుచుకోమన్నాడు. తాను క్రీస్తును చూసి నడుచుకుంటున్నాను గనుకనే అలా అడుగుతున్నానని కూడా చెప్పాడు. హెబ్రీయులకు రాసిన పత్రికలో పూర్వపు విశ్వాసుల పేర్లు వరుసగా వస్తాయి. రెండో శతాబ్దంలో స్ముర్న పట్టణపు బిషప్పు పోలికార్పును రోమా అధికారులు చంపించిన తర్వాత, అక్కడి విశ్వాసులు ఏటా ఆయన మరణించిన రోజున సమాధి దగ్గర కూడాలని నిశ్చయించుకున్నారు. నాలుగో శతాబ్దంలో అతనాసియస్ రాసిన ఐగుప్తు సన్యాసి ఆంతోనీ జీవిత చరిత్ర దేశదేశాలు తిరిగింది. ఆ కథ విన్నాక అగస్టీను మనసులోని కలత ముదిరింది. వాదానికి లొంగని మేధావిని ఒక మనిషి బతికిన తీరు కదిలించింది.

తెలుగు దేశంలో ఈ పద్ధతికి ప్రత్యేకమైన చరిత్ర ఉంది. 19వ శతాబ్దంలో ఇక్కడ క్రైస్తవంలోకి వచ్చినవారిలో అత్యధికులకు చదువు లేదు. విశాఖపట్నంలో లండన్ మిషనరీలు, ఆనందరాయరు అనే బ్రాహ్మణ విశ్వాసి సాయంతో ఆ శతాబ్దపు తొలి దశకాల్లోనే సువార్తలను తెలుగులోకి తెచ్చినా, మాలపల్లెలో గాని మాదిగగూడెంలో గాని వాటిని చదవగలిగినవారు దాదాపు లేరు. అక్కడ విశ్వాసమంటే ఎలా ఉంటుందో తెలియాలంటే దాన్ని పాటిస్తున్న మనిషిని చూడాల్సిందే. పైగా గురువును ఆశ్రయించి, ఆయన నడతను చూసి నేర్చుకోవడం తెలుగు పల్లెకు కొత్త కాదు. మాదిగ కులస్థుడైన కక్కయ్యను శిష్యుడిగా స్వీకరించిన పోతులూరి వీరబ్రహ్మం సంప్రదాయం, రాజయోగ బోధ చేసే గురువుల సంప్రదాయం అట్టడుగు కులాల ఇళ్ల దాకా చేరి ఉన్నాయి. క్రైస్తవం ఈ నేలలో వేళ్లూనడానికి ఈ పాత అలవాటు చేసిన మేలు చరిత్ర పుస్తకాల్లో రావాల్సినంతగా రాలేదు.

మొదట ఈ సంగతి పట్టుకున్నవారు కథోలిక గురువులు. 18వ శతాబ్దపు తొలి ఏళ్లలో ఫ్రెంచి జెస్విట్లు పుంగనూరు ప్రాంతం నుంచి తెలుగు సీమల్లోకి వచ్చారు. మధురలో రాబర్ట్ డి నోబిలి వేసిన బాటలో వాళ్లు కాషాయం కట్టారు, మాంసం మానారు, సన్యాసుల్లా బతికారు. బోధించేవాడి జీవితంలో త్యాగం కనబడకపోతే ఈ దేశంలో ఎవరూ చెవి ఒగ్గరని వాళ్లు గ్రహించారు. ఆ కాలంలో విశ్వాసంలో చేరిన రెడ్డి కుటుంబాలు కొన్ని తర్వాత గుంటూరు వైపు వలస వచ్చాయి. 1773లో జెస్విట్ సభ రద్దయ్యాక దశాబ్దాల తరబడి గురువుల రాక అరుదైపోయింది. అయినా విశ్వాసం నిలిచిందంటే ఇంటి పెద్దలు, ఉపదేశులు, పునీతుల కథలే కారణం. శౌరయ్య, ఇన్నయ్య, రాయప్ప, చిన్నప్ప, జోజయ్య అన్న పేర్లు తెలుగు కథోలికుల ఇళ్లలో ఈనాటికీ వినిపిస్తాయి. సేవియర్, ఇగ్నేషియస్, పేతురు, పౌలు, యోసేపు పేర్లు తెలుగు నోటిలో అలా కుదురుకున్నాయి. బిడ్డకు పునీతుడి పేరు పెట్టడమంటే ఆ బిడ్డ ఎవరి దారిలో నడవాలో పుట్టినప్పుడే చెప్పడం.

ప్రొటెస్టంట్ మిషన్లలో నర్సాపురం కథ వేరు. ఇంగ్లండులో సుఖంగా గడుస్తున్న దంత వైద్యాన్ని వదులుకున్న ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్, తనకున్నది దాచుకోకుండా దేవుని పనికి ఇచ్చేయాలన్న నమ్మకంతో జీవించాడు. ఆయన జీవితం చూసి కదిలిన విలియం బౌడెన్, జార్జ్ బీర్ అనే ఇద్దరు యువకులు భార్యలతో 1836లో ఆయన వెంట బయలుదేరి గోదావరి డెల్టాకు చేరారు. ఒకడు రాతిపనివాడు, ఇంకొకడు చెప్పులు కుట్టేవాడు. వెనక పెద్ద సొసైటీ లేదు, నెలనెలా జీతం హామీ లేదు. ధవళేశ్వరం ఆనకట్ట కడుతున్న కాలంలో వీళ్లు ఆ కూలీల మధ్య బోధించారు. చేతిపని చేసుకుంటూ పెరిగిన తెల్లవాడు కూలీల మధ్య కూర్చోవడం ఆ రోజుల్లో జనం ఎరగని దృశ్యం.

మచిలీపట్నంలో రాబర్ట్ నోబుల్ మరో రకం ఆదర్శం. 1841లో వచ్చి, 1843లో పాఠశాల తెరిచి, పెళ్లి చేసుకోకుండా, ఒక్కసారైనా స్వదేశానికి వెళ్లకుండా 1865లో ఆ ఊళ్లోనే కన్నుమూశాడు. ఆయన శిష్యుల్లో బ్రాహ్మణుడైన మంచాల రత్నం, వెలమ కులస్థుడైన ఐనాల భూషణం 1852లో బాప్తిస్మం పొందినప్పుడు ఊరు అట్టుడికింది; బడి దాదాపు ఖాళీ అయింది. ఇల్లు, ఆస్తి, బంధువర్గం ఒక్క రోజులో పోగొట్టుకోవడానికి ఆ కుర్రవాళ్లను సిద్ధపరచింది పాఠ్యపుస్తకాలు కావు, ఏళ్ల తరబడి రోజూ ఎదురుగా చూసిన గురువు జీవితం. ఇద్దరూ తర్వాత పాదిరులయ్యారు. అయితే నోబుల్ బడిలో అస్పృశ్య కులాల పిల్లలకు చోటు లేదు. పై కులాలవారిని గెలిస్తే కింది కులాలకు అదే దిగివస్తుందని ఆయన నమ్మాడు. ఆయన త్యాగం ఎంత గొప్పదైనా ఈ లెక్క తప్పిందని తర్వాతి చరిత్ర తేల్చింది. విశ్వాసం కిందినుంచి పైకి పాకింది.

దానికి తొలి సాక్ష్యం కృష్ణా ప్రాంతంలోని రాఘవాపురం. అక్కడి పగోలు వెంకయ్య మాల పెద్ద. మిషనరీలను కలవడానికి ముందే విగ్రహారాధన వదిలి, పేరు తెలియని ఏకదేవుణ్ణి తనకు కనబడమని ప్రార్థించేవాడని ఆయన గురించి చెబుతారు. 1859లో బెజవాడలో చర్చి మిషనరీ సొసైటీ (చర్చి మిషన్) పాదిరి డార్లింగ్ దొరను కలిసి, తాను వెతుకుతున్న దేవుడు యేసేనని గుర్తించి బాప్తిస్మం పొందాడు. అప్పటిదాకా చర్చి మిషన్ వారికి మాలపల్లెల్లో అడుగుపెట్టే దారి దొరకలేదు. వెంకయ్య మారాడన్న మాట చుట్టుపక్కల పల్లెలకు పాకాక పిలుపులు వాటంతటవే వచ్చాయి. 1891లో చనిపోయేదాకా ఆయన కృష్ణా స్నానాలకు వచ్చే యాత్రికులకు తన కథ చెబుతూనే ఉన్నాడు. తమలో పుట్టినవాడు, తమ కష్టం తెలిసినవాడు చెబితే నమ్మినంతగా ఆ జనం మరెవరినీ నమ్మలేదు.

ఈ చరిత్రకు గుండెకాయ మాత్రం ఒంగోలు సీమ. అమెరికన్ బాప్టిస్టులు 1836లో వచ్చి, 1840 నుంచి నెల్లూరులో పని చేస్తున్నా చాలా ఏళ్లు ఫలితం లేదు. ఈ మిషన్‌ను మూసేద్దామన్న ఆలోచన వాళ్ల స్వదేశంలో ఒకటికి రెండుసార్లు వచ్చింది. 1854 జనవరి 1 తెల్లవారుజామున లైమన్ జ్యూవెట్, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండ ఎక్కి ఆ ఊరికి ఒక సేవకుణ్ణి పంపమని ప్రార్థించారు. ఆ ముగ్గురిలో నెల్లూరు జూలియా ఒకరు. ఆ సేవకుడు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ రూపంలో రావడానికి మరో పన్నెండేళ్లు పట్టింది.

అయితే క్లౌ ఒంగోలులో కాపురం పెట్టేనాటికే ఆయన కోసం ఎదురుచూస్తున్న మనిషి ఒకడు ఉన్నాడు. ఒంగోలుకు పడమరగా సుమారు 40 మైళ్ల దూరంలోని తాళ్లకొండపాడుకు చెందిన యర్రగుంట్ల పేరయ్య మాదిగ కులస్థుడు, తోళ్ల వ్యాపారి. అంతకుముందే రాజయోగ బోధ పొంది, ధ్యానం చేస్తూ, తన వాళ్లలో గురువుగా గౌరవం సంపాదించుకున్నవాడు. తోళ్ల బేరం మీద ఏలూరు వైపు వెళ్లినప్పుడు అక్కడి చర్చి మిషన్ పాదిరి అలెగ్జాండర్ నోట యేసు కథ విన్నాడు. ఒంగోలుకు ఒక దొర రాబోతున్నాడని, ఆయన దగ్గరకు వెళ్లమని చెప్పిందీ ఆయనే. ఊరికి తిరిగివచ్చిన పేరయ్య ఆగలేదు. తనకు తెలిసిన కొద్దిపాటి సంగతే భార్య నాగమ్మకు, బంధువులకు చెప్పడం మొదలుపెట్టాడు. 1866లో ఆ దంపతులు బాప్తిస్మం పొందారు.

1867 జనవరి 1న 8 మందితో ఒంగోలు సంఘం ఏర్పడింది. అదే నెలలో క్లౌ తాళ్లకొండపాడు వెళ్లేసరికి చుట్టుపక్కల పల్లెలనుంచి జనం కూడి ఉన్నారు. వాళ్లను కూడబెట్టింది క్లౌ కాదు, పేరయ్య. దొర చేసిన పనల్లా కొన్ని రోజులు కూర్చుని వాళ్ల విశ్వాసాన్ని పరీక్షించి 28 మందికి బాప్తిస్మం ఇవ్వడమే. ఆ తర్వాత ముప్పై ఏళ్లలో ఒంగోలు సీమలో జరిగినదంతా ఈ సంఘటనలోనే చిన్న రూపంలో ఉంది. ముందు ఒక తెలుగు మనిషి మారతాడు, అతణ్ణి చూసి బంధువులు మారతారు, ఆ బంధుత్వాల వెంట విశ్వాసం ఊరూరా నడుస్తుంది, మిషనరీ చివర్లో వస్తాడు.

కొత్తగా చేరేవారికి క్లౌ పెట్టిన నియమాలు మూడు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువును తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. వినడానికి చిన్నవే గాని, మాదిగ కుటుంబం పాటించాలంటే ఊరితో తలపడాల్సి వచ్చేది. ఊరి జాతరలో డప్పు కొట్టడం, చచ్చిన గొడ్డును లాగడం, పిలిచినప్పుడు వెట్టికి రావడం వాళ్ల బతుకులో భాగం. డప్పు కొట్టనన్నవాణ్ణి కరణం, మునసబు ఊరికే వదిలిపెట్టలేదు. నీళ్లు ఆపారు, పని ఆపారు, కొట్టారు, తప్పుడు కేసులు పెట్టారు. ఆ వేళలో కొత్త విశ్వాసికి ధైర్యమిచ్చింది వేదాంతం కాదు. అదే దెబ్బలు తిని, అదే గూడెంలో నిలబడి, కసి పెంచుకోకుండా ప్రార్థిస్తున్న పేరయ్యలాంటి పెద్దమనుషులు కళ్లముందు ఉండటమే. క్లౌ ఈ బలాన్ని గుర్తించాడు. ఒంగోలులో మూడు నెలలకోసారి బోధకులందరినీ పిలిపించి, ఎవరి పల్లెల్లో ఏం జరిగిందో ఒకరికొకరు చెప్పుకొనేలా చేశాడు. కుర్ర బోధకుడు ముసలి బోధకుడి వెంట పల్లెలు తిరిగి పని నేర్చుకునేవాడు. 1872లో రామాపట్నంలో వేదాంత పాఠశాల తెరిచాక కూడా ఈ వెంట తిరిగే చదువుకు ఉన్న విలువ తగ్గలేదు.

ధాత కరువు ఈ బోధకులకు పెద్ద పరీక్ష. 1876 నుంచి 1878 దాకా దక్షిణాదిని కాల్చేసిన ఆ కరువులో, సర్వే పని తెలిసిన క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకాన్ని కాంట్రాక్టుగా తీసుకున్నాడు. ఆకలితో వచ్చిన వేల మందికి పని, కూలి దొరికాయి. బోధకులే అక్కడ మేస్త్రీలు. కూలీ వెనకబడితే తిట్టి తరమని మేస్త్రీని, రోగికి నీళ్లిచ్చే మేస్త్రీని ఆ జనం బహుశా మొదటిసారి చూశారు. నడి మధ్యాహ్నం పని ఆగినప్పుడు బోధకులు యేసు కథ చెప్పేవారు. కూడు కోసమే జనం మతం పుచ్చుకున్నారన్న మాట ఆనాటినుంచి ఈనాటిదాకా వినబడుతూనే ఉంది. ఆ మాట అనేవారు ఒక వాస్తవాన్ని తలచుకోవాలి. కరువు పని సాగినంతకాలం క్లౌ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. సుమారు పదిహేను నెలలపాటు అడిగినవారినందరినీ తిప్పి పంపాడు. సాయం ఆగిపోయాకే గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరుగా వంతులు తీసుకుని ఆ పని జరిపించారు. ఆ ఏడాది ముగిసేసరికి సంఖ్య 9,606కు చేరింది. ఇవ్వడానికి ఏమీ మిగలని రోజున అంతమంది వచ్చారంటే, వాళ్లు కాలువ గట్టున చూసిన మనుషులను మరచిపోలేదన్నమాట.

స్త్రీల పాత్ర ఈ కథలో తక్కువ రాతకు, ఎక్కువ పనికి నోచుకుంది. బైబిలు స్త్రీలుగా పిలవబడిన తెలుగు విశ్వాసినులు మిషనరీలకు తలుపులు తెరవని ఇళ్లలోకి వెళ్లారు. పల్లెలో పంతులుగారి భార్య కూడా ఒక బడే. ఆమె ఇల్లు ఎలా ఊడ్చుకుంటుంది, బిడ్డకు జ్వరమొస్తే ఏం చేస్తుంది, మొగుడు ఆమెతో ఎలా మాట్లాడతాడు అన్నవి గూడెంలోని ఆడవాళ్లు రోజూ గమనించేవారు. గుంటూరులో 1883లో దిగిన లూథరన్ వైద్యురాలు డాక్టర్ అన్నా కుగ్లర్, 1898లో ఆసుపత్రి తెరిచి, 1930లో అదే ఊళ్లో చనిపోయేదాకా అన్ని కులాల స్త్రీలకు వైద్యం చేసింది. ఆమె ఉదాహరణ చూసి నర్సు వృత్తిలో చేరిన తెలుగు క్రైస్తవ యువతులు తరతరాలుగా వచ్చారు. ఇతరులు ముట్టుకోవడానికి జంకే ఒళ్లను తుడిచి కట్టుకట్టే ఈ పనిని గౌరవప్రదం చేసినవాళ్లు వాళ్లే.

ఆదర్శం ఒక తరంలో ఆగిపోతే అది వ్యక్తి కథగానే మిగులుతుంది. ఒంగోలు, నెల్లూరుల్లో అది సముద్రం దాటింది. దక్షిణాఫ్రికాలోని నటాల్ తోటలకు ఒప్పంద కూలీలుగా వెళ్లిన తెలుగువారి కోసం తెలుగు బాప్టిస్టు సంఘాలే తమ డబ్బుతో 1903లో జాన్ రంగయ్యను పంపాయి. కేర్స్‌నీ తేయాకు తోటలో ఆయన తొలి సంఘాన్ని నెలకొల్పి, 1915లో చనిపోయేదాకా కూలీల మధ్యే పనిచేశారు. ఒంగోలు సంఘం ఏర్పడి నలభై ఏళ్లు తిరక్కుండానే, మిషనరీలను అందుకున్న జనం మిషనరీని పంపగలిగారు.

ఈ పద్ధతికి పూర్తి రూపం దోర్నకల్లులో వచ్చింది. తిరునల్వేలి జిల్లా వెళ్లాలన్విలైలో 1874లో పుట్టిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య తమిళుడు. భారతీయులే భారతీయులకు సువార్త చెప్పాలన్న పట్టుదలతో 1903లో తిరునల్వేలిలో ఒక మిషనరీ సొసైటీ స్థాపనలో పాలుపంచుకుని, 1909లో తానే మిషనరీగా నిజాం రాజ్యంలోని దోర్నకల్లుకు వచ్చాడు, తెలుగు నేర్చుకున్నాడు. 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో, పాశ్చాత్య మిషనరీలు చేసిన త్యాగాలను భారత సంఘం తరతరాలు తలచుకుంటుందని, కానీ తమకు కావలసింది స్నేహితులని ముఖం మీదే చెప్పాడు. ఆ మాట చాలామందికి కటువుగా తోచింది గాని, పెద్దరికం చూపేవాడు ఆదర్శం కాలేడన్న నిజం అందులో ఉంది. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయన ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు అయ్యాడు.

బిషప్పుగా అజరయ్య ఎక్కువ కాలం ఎడ్లబండిలో, పల్లెల్లో గడిపాడు. ఊరి శత్రువులు నాలుగని చెప్పేవాడు: మురికి, జబ్బు, అప్పు, తాగుడు. దోర్నకల్లులో బోధకులకు శిక్షణ ఇచ్చేటప్పుడు భార్యలను కూడా పిలిపించి చదువు చెప్పించేవాడు. పల్లె చూసేది బోధకుణ్ణి ఒక్కణ్ణే కాదు, అతని ఇంటిని కూడా అని ఆయనకు తెలుసు. ఆయన భార్య అన్బు ఈ పనిలో సగం మోసింది. బాప్తిస్మం పొందిన ప్రతివాడూ తలమీద చెయ్యి పెట్టుకుని, సువార్త చెప్పకుండా ఉండనని ఒప్పుకోవాలన్నది ఆయన పెట్టిన ఆచారం. చదువురాని కూలీ సువార్త చెప్పడమంటే ప్రధానంగా తాగుడు మానడం, అప్పు తీర్చడం, పొరుగువాడితో తగవు వదులుకోవడం.

దాని ఫలితం 1920ల చివరనుంచి కళ్లకు కట్టింది. దోర్నకల్ డయాసిస్‌లో వడ్డెర, ఎరుకల, ఇంకా వ్యవసాయ కులాలకు చెందిన కుటుంబాలు వేల సంఖ్యలో విశ్వాసంలో చేరాయి. ఎందుకు వచ్చారని అడిగితే వాళ్లలో ఎక్కువమంది చెప్పిన కారణం ఒకటే: ఊరి మాల మాదిగ క్రైస్తవులలో వచ్చిన మార్పు. తమ పొలంలో పనిచేసే మనిషి తాగడం లేదు, అబద్ధమాడటం లేదు, అతని పిల్లలు చదువుకుంటున్నారు అన్నది రైతు చూశాడు. శతాబ్దాల కుల చరిత్రలో, అట్టడుగువాణ్ణి చూసి పైనున్నవాడు నేర్చుకోవడం కంటే గొప్ప తలకిందులు మరొకటి ఉండదు. నోబుల్ వేసుకున్న లెక్క ఇక్కడ పూర్తిగా తిరగబడింది. తెలుగు ప్రాంతాలతో సహా దేశంలో సామూహిక మతమార్పిళ్లను పరిశీలించి 1933లో అమెరికన్ మెథడిస్టు పికెట్ వెలువరించిన అధ్యయనం కూడా, మనిషి ఏ ఉద్దేశంతో వచ్చాడన్నదానికంటే వచ్చాక అతనికి దొరికిన శిక్షణ, కాపుదల ఎలాంటివన్నదే అతని విశ్వాసాన్ని నిర్ణయించాయని తేల్చింది. ఇస్లామీయ, హిందూ, క్రైస్తవ శిల్పరీతులు కలిపి అజరయ్య కట్టించిన దోర్నకల్ ఎపిఫనీ కతీడ్రల్ 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరుపుకుంది. 1945 జనవరి 1న ఆయన కన్నుమూశాడు.

ఈ చరిత్రలో నొప్పించే పేజీలూ ఉన్నాయి. దొరను చూసి విశ్వాసం నేర్చుకున్న చోట కొందరు దొరతనాన్నే నేర్చుకున్నారు. పాదిరి బంగళా, పాదిరి దర్జా సేవకంటే ముందు కోరదగినవిగా కనిపించాయి. ఒక మిషన్‌లో మాలలు, మరో మిషన్‌లో మాదిగలు ఎక్కువగా చేరడంతో సంఘాల మధ్య గోడలు కుల గోడలతో కలిసిపోయాయి. గుడిలో పక్కపక్కన కూర్చున్నవారు పెళ్లి సంబంధం దగ్గర పాత గీతలు గీసుకున్నారు. పౌలు తనను చూసి నడుచుకోమన్నది తాను క్రీస్తును చూసి నడుచుకుంటున్నందుకే అన్న సంగతి మరచిన ప్రతిచోటా నాయకుడి లోపం సంఘపు లోపమైంది.

మరో అన్యాయం రాతలో జరిగింది. మిషనరీల పుట్టిన తేదీలు, ఓడలెక్కిన తేదీలు కూడా దొరుకుతాయి. క్లౌ భార్య ఎమ్మా రౌషన్‌బుష్ 1899లో మాదిగ విశ్వాసుల కథలను పుస్తకంగా రాసి ఉండకపోతే పేరయ్య గురించి ఈ కాస్త కూడా మిగిలేది కాదు. కాలువ గట్టు మేస్త్రీలు, గూడెం బడి పంతుళ్లు, ఇల్లిల్లూ తిరిగిన బైబిలు స్త్రీలు వందల్లో ఉన్నారు. శతజయంతి సావనీర్లలో వాళ్ల ఫొటోలు ఉండవు, పేర్లూ ఉండవు. సంఘాల పాత రిజిస్టర్లు ఇంకా పూర్తిగా చెదలు పట్టలేదు, మూడో తరం మనవళ్లు ఇంకా బతికే ఉన్నారు. ప్రతి సంఘమూ తన మొదటి విశ్వాసుల పేర్లు, వాళ్లు బతికిన తీరు ఇప్పుడైనా అడిగి తెలుసుకుని రాసి పెట్టాలి.